కొసరు

బెలెం నగరంలో ఎవరూ మూడింటికి రమ్మనరు.
వానకు ముందు రా అంటారు,
లేదంటే వాన వెలిశాక.
ఒజ్మరీనా గారు మాత్రం వానలోనే వచ్చేది,
ప్రతి నెలా పదో తారీఖున,
ఫ్రిజ్‌లు దాటి, ఫ్యాన్ల వరుస దాటి
దుకాణం చివర నా అద్దాల గూటి ముందుకు.

నా పని ముద్ర వేయడం.
ఇక్కడ అప్పు ఒక పుస్తకం. కర్నే అంటారు.
అరచేయంత వెడల్పు, పిన్ను కొట్టిన ఇరవై నాలుగు చీటీలు.
నెలకొకటి చించి ఇస్తే, సగం నాకు,
ముద్ర పడిన సగం వాళ్లకు.
చదివేకొద్దీ పలచబడే పుస్తకం
నాకు తెలిసి ఇదొక్కటే.

మొదటిరోజు ఆవిడ కంప్యూటర్ వైపు చూడనేలేదు.
కళ్లజోడు సవరించుకుని అంకెలనే చూసింది.
ఒక్కసారే చెల్లిస్తే పద్నాలుగు వందలు.
నెలనెలా అయితే తొంభై తొమ్మిది, ఇరవై నాలుగు సార్లు.
కాగితం లేకుండా పెదవులతోనే గుణించింది.
"పైన పడ్డ తొమ్మిది వందల డెబ్బై ఆరు దేనికి నాయనా?"
మేనేజరు నేర్పిన మాటే చెప్పాను:
"కాలానికండీ."
"ఓహో, కాలం కూడా అమ్ముతున్నారా!
తూకం సరిగ్గా వేస్తావా మరి?"
అంటూ సంతకం పెట్టింది,
తొందర లేకుండా, ప్రతి అక్షరానికీ చోటిచ్చి.

రేవులో గొడుగు కింద ఆవిడది చిన్న బల్ల.
పడవలవాళ్లకి, చేపలమ్మే ఆడవాళ్లకి,
పింఛను కోసం తిరిగి తిరిగి చెప్పులరిగిన ముసలాళ్లకి
అర్జీలు రాసిపెడుతుంది.
ముప్ఫయ్యేళ్లు టైపుమిషనుతో గడిచింది.
ఆఫీసులు ఇక టైపు కాగితం వద్దన్నాయి.
"పుటకి రెండు రియాలు. అంటే యాభై పుటలు నీకు,
యాభై ఒకటో పుట నుంచి నా కూటికి."

నాలుగో చీటీనాడు చెప్పింది,
అక్షరాలు పెద్దవి చేస్తోందట,
ముసలాళ్లు తమ పేరు తామే చూసుకుని
ఇంకోసారి చూపించమంటున్నారట.

పదో చీటీనాడు
చూపుడువేలి కణుపు మీద నీలం సిరా.
నేనడగలేదు.
పదకొండుకి మరక ఇంకా ముదిరింది, బొటనవేలికి పాకింది.
పన్నెండుకి తనే అంది:
"పిడుగు. స్తంభం మీద పడింది, నా మీద కాదులే.
రిపేరతను విప్పి, వాసన చూసి, మూసేశాడు."
మా వారంటీ పిడుగును ఒప్పుకోదు.
అది ఆవిడ చదివే ఉంటుంది. చదవడమేగా ఆవిడ పని.
"అయితే ఇంకా..." నసిగాను.
"గొడ్డు పోయింది నాయనా, పలుపు బాకీ పోలేదుగా."
చేతిరాత అర్జీ తీసుకునే కిటికీ ఊరంతటికీ ఒకటే మిగిలిందట.
చేతిరాతకి ఒక్క రియాలే ఇస్తారట.
యాభై పుటలు వందయ్యాయి.

నా సొరుగులోనూ ఒక కర్నే ఉంది.
ముప్ఫై ఆరులో పదకొండు అయ్యాయి.
నేనే చించి, నేనే ముద్ర వేసుకుంటాను.
డబుల్ కాట్ మంచం.
ఒక పక్కనే పడుకుంటున్నాను, అలవాటు చొప్పున గోడ పక్కన.

ఇరవై నాలుగో చీటీ.
అట్టా పిన్నూ మాత్రమే మిగిలిన పుస్తకం.
ముద్ర వేశానో లేదో నా తెర మీద పచ్చగా వెలిగింది:
ఉత్తమ ఖాతాదారు. కొత్త అప్పు ఇవ్వవచ్చు.
చెప్పకపోతే నా జీతంలో కోత.
చెప్పాను, కళ్లు దించుకుని.
రంగురంగుల కరపత్రం ఒకటి ముందుకు జరిపాను.

ఆవిడ తీసుకుంది. తిరగేసింది.
వెనక వైపు తెల్లగా ఉంది, నునుపుగా.
వేలితో రాసి చూసింది.
"ఇవి ఎన్నున్నాయి నీ దగ్గర?"
కట్ట ఇచ్చాను. రెండో కట్ట అడిగింది, అదీ ఇచ్చాను.
ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రొమ్ముకి ఆనించుకుని,
వాన తగ్గకుండానే మెట్లు దిగుతూ వెనక్కి తిరిగింది:

"రెండేళ్లు కొన్నాను నీ కాలం.
ఇది కొసరు."